ఏడో తూము ఎవరు తెరిచారు

కట్ట కట్టిన 38వ ఏడు, శ్రావణ బహుళ తదియ, పగటి డ్యూటీ

రాస్తున్నది తిరుమాని ఇందుమతి, కంట్రోలు గది సీనియర్ ఇంజనీరు.

పంపులు నలభై నాలుగూ నడుస్తున్నాయి. తూములు తొమ్మిదీ మూసి ఉన్నాయి. కట్ట అవతల సముద్రం మన వీధుల కంటే రెండు మీటర్ల డెబ్భై ఎత్తున ఉంది. పదహారో పంపు నోట్లో నాచు ఇరుక్కుంటే తీయించాను. బ్యాటరీల గదిలో చెమ్మ తుడిపించాను.

ఇక అసలు సంగతి. పౌర్ణమి పొద్దున ఆరూ పన్నెండుకి, పోటు ఎక్కుతున్న వేళ, ఏడో తూము షట్టరు పైకి లేచింది. మళ్ళీ మూతపడేలోగా తొమ్మిది నిమిషాల పాటు ఉప్పుమడి పేటలోకి సముద్రం వచ్చింది. కింది వరస ఇళ్ళలో నడుము లోతు. ఆ వరసలో ఉండే అన్నవరపు రాహేలమ్మకి అరవై ఆరేళ్ళు. తుంటి నొప్పి వల్ల మంచం ఎక్కలేక నేల మీదే పక్క వేసుకునేది. లేవలేకపోయింది. ఇంట్లోనే పోయింది.

ఈ రోజు కార్యాలయం నివేదిక వచ్చింది. ఒకటిన్నర పేజీ. తూము కాపలా ఆపరేటరు మోకా దానయ్య చేతి చక్రాన్ని నిర్లక్ష్యంగా తిప్పాడట, అందువల్ల షట్టరు లేచిందట. ఆధారం ఏమిటయ్యా అంటే, ఆయన కుడి మణికట్టు విరిగింది, చక్రం మీద ఆయన నెత్తురు ఉంది. అంతే. ఇరవై ఆరేళ్ళుగా ఆ తూము దగ్గర కూర్చున్న మనిషి గురించి ఒకటిన్నర పేజీ!

కట్ట చట్టం అందరికీ తెలిసిందే. నీళ్ళు లోపలికి రానిచ్చినవాడు కట్ట లోపల ఉండకూడదు. భార్యతో సహా బయట సముద్రంలో తేలే పంట్ల మీదికి పోవాలి. అలల మీద, రేకుల కింద, బతికినన్నాళ్ళు. విచారణ భాద్రపద శుద్ధ విదియ నాడు.

నేను ఆసుపత్రికి వెళ్ళాను. దానయ్య కట్టుతో ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకుని గోడకి చేరబడి ఉన్నాడు. భార్య వీరమ్మ జావ తాగిస్తోంది.

"ఏం జరిగింది దానయ్యా?" అన్నాను.

"మోటారు దానంతట అదే తిరిగిందండి. నేను గదిలో టీ పెట్టుకుంటన్నాను. చప్పుడు విని పరిగెత్తుకొచ్చాను. బటన్ నొక్కితే ఆగలేదు. చక్రం పట్టుకుని కిందికి తిప్పబోయాను. మోటారు పైకి లాగుతుంటే మనిషి బలం ఎంతండీ? ఎముక చటుక్కుమంది. ఎడం చేత్తో కరెంటు పీకి, మళ్ళీ ఎడం చేత్తోనే దించాను. తొమ్మిది నిమిషాలు పట్టింది."

"ఈ మాట విచారణాధికారికి చెప్పావా?"

"చెప్పడానికి వాళ్ళు అడిగితే కదమ్మా!" అంది వీరమ్మ. "చేతికి ఫొటో తీసుకుని పోయారు. కూర్చోమంటే కూర్చోలేదు."

మూయబోయి చెయ్యి విరగ్గొట్టుకున్న మనిషిని, ఆ విరిగిన చెయ్యే సాక్ష్యంగా చూపించి, తెరిచాడంటున్నారు. ఈ డ్యూటీ పుస్తకంలో అభిప్రాయాలు రాయకూడదని నిబంధన. ఇది అభిప్రాయం కాదు.

శ్రావణ బహుళ చవితి

పంపులు నలభై మూడు. ముప్ఫై ఒకటో పంపు బేరింగు మార్పు.

ఊరి పంపులనీ తూములనీ నడిపే యంత్రం అడుగున కెర్నెల్ ఉంటుంది. అన్ని ప్రోగ్రాములకీ అదే పెద్ద. దాన్ని ఆపితే మళ్ళీ లేవడానికి పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాల్లో ఉప్పుమడి మునుగుతుంది. అందుకని ముప్ఫై ఎనిమిదేళ్ళుగా దాన్ని ఎవరూ ఆపలేదు. మరమ్మతులన్నీ అది నడుస్తుండగానే చేస్తాం.

దానికొక పద్ధతి ఉంది. యంత్రం జ్ఞాపకంలో కెర్నెల్ ఆదేశాలు ఉన్న చోటికి తాళం ఉంటుంది. చదవొచ్చు, రాయకూడదు. మేం దాన్ని రాత తాళం అంటాం. మరమ్మతు వేళ ఆ తాళం తీసి, పాత ఆదేశం స్థానంలో కొత్తది పెట్టి, వెంటనే మళ్ళీ వేస్తాం. రెండు ఊపిరుల పని. నాకు పని నేర్పినవాళ్ళు మొదటి రోజు చెప్పింది ఒకటే మాట: తాళం తీసిన చెయ్యే తాళం వెయ్యాలి.

ఈ రోజు ఏడో తూము ఆదేశాలను జ్ఞాపకం నుంచి నకలు తీసి, పెట్టెలో భద్రంగా ఉన్న మూలప్రతితో పోల్చాను. ఒక చోట ఎనిమిది అక్షరాలు తేడా. "మూసి ఉంచు" అన్న ఆదేశం ఉండవలసిన చోట ఆదేశమే లేదు. అంకెలు ఉన్నాయి.

0017.250

వాన లెక్క అంకెలు ఇలాగే ఉంటాయి. తర్వాత లేచి గోడకి వేలాడుతున్న వాన రిజిస్టరు తీశాను. పౌర్ణమి పొద్దున ఆరూ పది: పది నిమిషాల వర్షపాతం పదిహేడూ పాతిక మిల్లీమీటర్లు.

వాన లెక్క రాసే ప్రోగ్రాము జ్ఞాపకంలో తనకి కేటాయించిన పలక దాటి తూము పలక మీద రాసింది. మరో రెండు నిమిషాలకి తూము ఆ అంకెలను ఆదేశంగా చదువుకుంది. మూసి ఉంచు అనే మాట చెరిగిపోయింది, దాని తర్వాత ఉన్న "ఎత్తు" అనే మాట మిగిలింది.

కానీ తాళం వేసి ఉంటే ఇది జరగదు. జరగలేదు కూడా, ఇన్నేళ్ళుగా.

తాళం స్థితి చూపించే తెర మీద "సరి" అని ఉంది. తెరని నమ్మకుండా జ్ఞాపకాన్నే నేరుగా అడిగాను.

తాళం లేదు.

శ్రావణ బహుళ పంచమి

పంపులు నలభై నాలుగు. చేపల తొట్టెల్లో ఉప్పు శాతం ఎక్కువైందని రెండో పేట వాళ్ళు వచ్చారు, మంచినీళ్ళు వదిలించాను.

మరమ్మతులు చేసే స్క్రిప్టు తెరిచి చదివాను. తాళం తీసే వరస ఉంది. వేసే వరస ముందు గీత పెట్టి ఉంది, అంటే యంత్రం దాన్ని దాటేసి పోతుంది. దాని కిందే "సరి" అని తెర మీద చూపించే వరస మాత్రం నిక్షేపంగా ఉంది. పందొమ్మిది నెలల కిందటి మార్పు. చేసినవాళ్ళ పేరు: ఫిరోజా.

ఫిరోజా నా పక్క బల్ల దగ్గరే కూర్చుంటుంది. ఇంజనీరుగా చేరి రెండేళ్ళు కాలేదు. ఆ పేజీ ముందు పెట్టి, "ఇదేమిటి?" అన్నాను.

ఆమె ఆ గీత మీద వేలు పెట్టింది.

"మేడం, అది నా మొదటి వారం. డైరెక్టరుగారే పిలిచి చెప్పారు. తాళం మళ్ళీ వేసేటప్పుడు యంత్రంలోని అరవై నాలుగు ప్రాసెసర్లకీ కబురు పంపి, అన్నీ సరే అనేదాకా ఆగాలి కదా. మూడు సెకన్లు పడుతుంది. ఆ మూడు సెకన్లు పంపులు తడబడతాయి. అది అంతరాయం కింద లెక్కకొస్తుంది. అంతరాయం లేని రోజులు లెక్కపెట్టే గేటు దగ్గర బోర్డు మళ్ళీ సున్నాకి పోతుంది. అందుకని..."

"అందుకని తాళం వెయ్యొద్దన్నారా?"

"ఎలాగూ వారం వారం తీస్తున్నాం కదా, వెయ్యడం దేనికీ, తెర మీద సరి అని మాత్రం ఉండనీ అన్నారు. మీకు తెలుసనుకున్నాను మేడం. మూణ్ణెల్లకోసారి తనిఖీ కాగితం మీద మీరు సంతకం పెడుతున్నారు కదా!"

తనిఖీ కాగితాలు తీసి లెక్కపెట్టాను.

పెట్టాను. ఆరు సార్లు పెట్టాను. "రాత తాళం సరిగా ఉంది" అని రాసి ఉన్న గడి పక్కన, తెర మీద "సరి" అని చూసి, సంతకం పెట్టాను. జ్ఞాపకాన్ని నేరుగా అడగడానికి నిమిషం పట్టదు. ఆరు సార్లలో ఒక్కసారి కూడా అడగలేదు. డైరెక్టరు చక్రపాణిగారి మీద వచ్చిన కోపంలో సగం నా మీదికే తిరిగింది. ఆ సగం ఇక్కడ రాసి పెడుతున్నాను, రేపు ఎవరూ చింపెయ్యకుండా.

శ్రావణ బహుళ సప్తమి

డైరెక్టరు చక్రపాణిగారి గదికి వెళ్ళాను. నకలూ వాన రిజిస్టరూ బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నారు. కోపం తెచ్చుకున్నా బాగుండేది.

"ఇందుమతిగారూ, మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ అమావాస్య ఎనిమిది రోజుల్లో ఉంది. ఈ ఏటికల్లా పెద్ద పోటు అదే. ఇప్పుడు కెర్నెల్‌ని కదిలిస్తారా?"

"కదిలించకపోతే మళ్ళీ వాన పడ్డప్పుడు ఏ తూము తెరుచుకుంటుందో ఎవరికి తెలుసు సార్? అంకెలు ఈసారి ఏ పలక మీద పడతాయో!"

"పందొమ్మిది నెలల్లో ఒక్కసారే కదా జరిగింది."

"ఆ ఒక్కసారికే రాహేలమ్మ పోయింది."

"అది ఆపరేటరు పొరపాటని నివేదిక వచ్చింది." నకలు కాగితాన్ని రెండు వేళ్ళతో నా వైపు జరిపారు. "పంపుల వేళలు మార్చే కొత్త మరమ్మతు చతుర్దశి నాడు ఎక్కించాలి. ఎప్పటి స్క్రిప్టుతోనే. ఈ తాళాల గొడవ అమావాస్య దాటాక తీరిగ్గా చూద్దాం."

"విదియ నాడు దానయ్యని పంట్ల మీదికి పంపించేస్తారు సార్. తీరిగ్గా చూడ్డానికి అతనుండడు."

"చట్టం నేను రాయలేదమ్మా."

తాళం వెయ్యొద్దన్నదీ తానే, తెర మీద "సరి" అని చూపించమన్నదీ తానే. చట్టం మాత్రం తాను రాయలేదట! అరవై మంది పనిచేసే కార్యాలయంలో ఈ మాట నోటితో అనగల మనిషి ఈయనొక్కడే ఉంటాడనుకున్నాను. నేను బయటికి రాగానే ఇద్దరు సెక్షన్ అధికారులు నన్ను పక్కకి పిలిచి, "ఎందుకు మేడం, దానయ్యకి ఎలాగూ వయసైపోయింది" అన్నారు.

శ్రావణ బహుళ ఏకాదశి

పంపులు నలభై నాలుగు. వాన లేదు. ఆకాశం వంక చూడటం తప్ప వేరే పని మీద మనసు నిలవడం లేదు.

ఫిరోజా తన చేతి రాతతో వాంగ్మూలం రాసి తెచ్చి ఇచ్చింది. ఎవరు పిలిచారు, ఏ రోజు, ఏం చెప్పారు, అన్నీ ఉన్నాయి. "మా అమ్మ వద్దంది మేడం. ఉప్పుమడిలోనే ఉంటాం మేం. రాహేలమ్మత్త నాకు వల అల్లడం నేర్పింది" అని, ఇంకేం చెప్పకుండా వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుంది.

ఇద్దరం కలిసి నిర్ణయించుకున్నాం. చతుర్దశి నాడు మరమ్మతు ఎక్కిస్తాం. కానీ వాళ్ళ స్క్రిప్టుతో కాదు. తూముల ఆదేశాల పాత ప్రతి మొత్తం తీసేసి శుభ్రమైన ప్రతి పెడతాం, రాత తాళం వేస్తాం. మూడు సెకన్లు పంపులు తడబడితే తడబడనీ. బాధ్యత నాదని ఇక్కడే రాస్తున్నాను.

శ్రావణ బహుళ చతుర్దశి

మధ్యాహ్నం రెండింటికి పాటు. సముద్రం దిగి ఉండే వేళ అదే కాబట్టి ఆ గంటని ఎంచుకున్నాం. చక్రపాణిగారు కట్ట పరిశీలనకి వెళ్ళి ఉన్నారు.

నడుస్తున్న కెర్నెల్‌లో ఆదేశాలు మార్చడంలో తాళం ఒక్కటే కష్టం కాదు. పాత ఆదేశాల మధ్యలో ఎవరూ ఉండకూడదు. ఒక తూము పని పాత ఆదేశాల్లో సగంలో ఉండగా కింద నుంచి వాటిని లాగేస్తే, ఆ పని తిరిగొచ్చేసరికి నిలబడడానికి చోటుండదు. దాటుతున్నవాడి కాళ్ళ కింద బల్లకట్టు తీసెయ్యడమే అది. కాబట్టి తొమ్మిది తూముల పనులూ ఒక్కొక్కటే పాత ఆదేశాల నుంచి బయటికొచ్చేదాకా ఆగాలి. వచ్చిన దాన్ని వచ్చినట్టు కొత్త ప్రతిలోకి మళ్ళించాలి.

ఇరవై నిమిషాల్లో ఎనిమిది వచ్చేశాయి. నాలుగో తూము రాలేదు.

"ఎందుకు రావడం లేదు?" అంది ఫిరోజా.

చూశాను. నాలుగో తూము పని "షట్టరు పూర్తిగా మూతపడిందా" అన్న ప్రశ్న దగ్గర నిలబడి ఉంది. మూతపడింది అని చెప్పవలసిన బిళ్ళ ఉప్పుకి తుప్పు పట్టి అతుక్కుపోయినట్టుంది. జవాబు రాదు. జవాబు రాకపోతే అది ఎన్నటికీ కదలదు.

ఎవరైనా అక్కడికి వెళ్ళి, చక్రాన్ని చేత్తో చివరిదాకా బిగించి, ఆ బిళ్ళని కదిలించాలి. నాలుగో తూము గదికి ఫోన్ చేస్తే, డైరెక్టరుగారి సంతకం లేనిదే చక్రం ముట్టుకోనన్నాడు అక్కడి ఆపరేటరు. అతన్ని తప్పుపట్టలేను. ముట్టుకున్నందుకు దానయ్యకి ఏమైందో అతనూ చూశాడు. ఇంకో ఇద్దరికి చేశాను. అదే మాట.

నేనే వెళ్తే ఇక్కడ ఫిరోజా ఒక్కతే మిగులుతుంది. పోటు మళ్ళీ బలంగా ఎక్కడానికి యాభై నిమిషాలుంది. తాళం మాత్రం బార్లా తీసి ఉంది.

అప్పుడు దానయ్య ఇంటికి చేశాను. నాలుగో తూము బిళ్ళ ఎలా ఉంటుందో అడుగుదామని, అంతే. ఆయన్ని వారం కిందట ఇంటికి పంపించారు, కట్ట మీద అడుగు పెట్టకూడదన్న ఆంక్షతో.

"బిళ్ళ వెనక పక్కన ఉంటదండి. కనపడదు. తడిమి చూడాలి. కొత్తవాళ్ళకి దొరకదు," అన్నాడు. తర్వాత తనే, "నేనెళ్తానండి," అన్నాడు.

"వద్దు దానయ్యా. కట్ట మీద నిన్ను చూశారంటే విచారణ కూడా అక్కర్లేదు వాళ్ళకి."

"పంట్ల మీదికి ఒకసారి పంపుతారు గానీ రెండుసార్లు పంపరు కదండీ!"

ఫోన్ పెట్టేశాడు.

పద్దెనిమిది నిమిషాల తర్వాత నాలుగో తూము గది నుంచి మోగింది. అవతల వీరమ్మ గొంతు. "వచ్చాం అమ్మా. ఇక్కడి ఆపరేటరు అడ్డం రాలేదు. బయటికెళ్ళి బీడీ ముట్టించుకున్నాడు. నేను పళ్ళచక్రం వెనక్కి జారకుండా పట్టుకున్నాను, ఈయన ఎడం చేత్తో తిప్పుతున్నాడు."

ఫోన్లో చక్రం కీచుమంటున్న చప్పుడు వినిపిస్తోంది. "ఇంకో చుట్టు," అంటున్నాడు దానయ్య. "ఇంకోటి. ఆగు, తడమనీ. గచ్చులా పట్టేసింది ఉప్పు. సుత్తి ఇయ్యి."

టక్. టక్. టక్.

ఫిరోజా తెర వంక చూస్తూ అరిచింది, "వచ్చింది మేడం! బయటికొచ్చింది!"

కొత్త ప్రతి పెట్టాను. తాళం వేశాను. అరవై నాలుగు ప్రాసెసర్లకీ కబురు వెళ్ళింది. పంపులు నలభై నాలుగూ ఒక్కసారి గొంతు తగ్గించి, మళ్ళీ అందుకున్నాయి. ఈసారి తెరని చూడలేదు. జ్ఞాపకాన్నే అడిగాను. తాళం ఉంది. మళ్ళీ అడిగాను. ఉంది. ఫిరోజా చేత కూడా అడిగించాను.

మూడున్నరకి చక్రపాణిగారు వచ్చారు. గేటు దగ్గర బోర్డు సున్నాకి పోయిందని తలుపు దగ్గర నుంచే అరిచారు. ఇక్కడ ఉన్న అరవై మందీ విన్నారు. ఈ పుస్తకం లాక్కోబోయారు. ఇవ్వలేదు.

శ్రావణ అమావాస్య

పొద్దున అయిదు నుంచి జోరు వాన. ఎనిమిదింటికి పోటు. మూడు మీటర్ల నలభై.

ఏడూ ఇరవైకి ఎర్ర దీపం వెలిగింది. వాన లెక్క ప్రోగ్రాము మళ్ళీ పలక దాటి రాయబోయింది. తాళం ఆపింది. యంత్రం ఆ ప్రోగ్రామునొక్కదాన్నే పక్కన పడేసి, అది ఎక్కడ రాయబోయిందో చిరునామా నమోదు చేసింది. చూశాను. ఏడో తూము. "మూసి ఉంచు" ఉన్న చోటే. అక్షరం తేడా లేదు.

పది నిమిషాల్లో అంత పెద్ద వాన కురిస్తే లెక్క రాసే పట్టిక నిండిపోయి పక్కకి పొర్లుతోంది. పౌర్ణమి నాడూ అదే, ఈ రోజూ అదే. తేడా అల్లా తాళం.

తూములు తొమ్మిదీ మూసే ఉన్నాయి. ఉప్పుమడిలో వాన నీళ్ళు తప్ప సముద్రం చుక్క లేదు.

పదింటికి డైరెక్టరు కార్యాలయం నుంచి నాకు మెమో వచ్చింది: "మీరు అనుమతి లేకుండా చేసిన మార్పు వల్ల వాన లెక్క ప్రోగ్రాము పనిచేయడం మానేసింది. ఇంతకు ముందు అది ఎన్నడూ ఆగలేదు. సంజాయిషీ ఇవ్వగలరు."

దొంగని పట్టుకున్న కుక్కని, ఎందుకు మొరిగి నిద్ర చెడగొట్టావని అడుగుతున్నారు. సంజాయిషీ ఒక్క వాక్యంలో రాశాను: ఇంతకు ముందు అది ఆగలేదు, ఎందుకంటే ఆపేవాళ్ళు లేరు.

భాద్రపద శుద్ధ విదియ

విచారణ. ముగ్గురు సభ్యులు. అధ్యక్షురాలు ఓలేటి చెల్లాయమ్మగారు, కట్ట కట్టినప్పుడు మట్టి మోసిన తరంలో మిగిలిన కొద్దిమందిలో ఒకరు.

నకలూ, వాన రిజిస్టరూ, అమావాస్య నాటి చిరునామా, ఫిరోజా వాంగ్మూలం, నావి ఆరు సంతకాలు, అన్నీ పెట్టాను. ఫిరోజా నిలబడి తన మాట తానే చెప్పింది. ఒక్క ముక్క మింగలేదు.

చక్రపాణిగారు లేచారు. "సాంకేతిక విషయాల్లో భిన్నాభిప్రాయాలు సహజం. కానీ ఆపరేటరు చెయ్యి చక్రం మీద ఉందన్నది భౌతిక వాస్తవం. దాన్ని ఎవరూ కాదనలేరు."

చెల్లాయమ్మగారు దానయ్య వైపు తిరిగారు. "నువ్వేమైనా చెబుతావా నాయనా?"

దానయ్య లేచి నిలబడ్డాడు. పిండికట్టు చేతిని మరో చేత్తో పట్టుకున్నాడు.

"నా చెయ్యి చక్రం మీద ఉందన్నారండి. ఉంది. కాదనను. ఎటు తిప్పుతున్నానో ఒక్కళ్ళయినా అడిగారా?"

చెల్లాయమ్మగారు కళ్ళజోడు తీసి, ఆసుపత్రి కాగితం తెప్పించి, డాక్టరుని పిలిపించారు. ఎముక ఎటు మెలిపడిందని అడిగారు. డాక్టరు తన చేత్తోనే చూపించాడు. చక్రం మీద చెయ్యి వేసి మూసే వైపు తిప్పుతున్నవాడి మణికట్టు, ఎదురు బలానికి, అలాగే విరుగుతుందన్నాడు. ఆ కాగితం పౌర్ణమి సాయంత్రం నుంచీ ఫైల్లోనే ఉంది. నివేదిక రాసినవాళ్ళు దాన్ని విప్పి చూడలేదు.

తీర్పు: దానయ్య మీద ఆరోపణ కొట్టేశారు. ఆంక్ష ఎత్తేశారు. రాత తాళం తియ్యడానికీ వెయ్యడానికీ ఇకపై ఇద్దరు ఉండాలి, తెరని కాదు, జ్ఞాపకాన్ని అడగాలి. తప్పుడు తనిఖీలకి నా ఇంజనీరు ముద్ర ఏడాది పాటు జప్తు. అది న్యాయమే, ఒప్పుకున్నాను. ఫిరోజాకి హెచ్చరిక.

చక్రపాణిగారిని డైరెక్టరు పదవి నుంచి తప్పించి కట్ట పాలక మండలికి సలహాదారుగా నియమించారు. సలహాదారు! ఏ సలహా ఇస్తారు? తాళం ఎలా తియ్యాలో చెబుతారా? ఇది చదివే వాళ్ళెవరైనా ఆ వాక్యాన్ని రెండోసారి చదవండి. నేను నాలుగు సార్లు చదివాను, అయినా మింగుడు పడలేదు. నివేదిక మీద సంతకం చేసినవాడికి ఏ శిక్షా లేదు. అతని పేరు కూడా తీర్పులో లేదు.

భాద్రపద శుద్ధ తదియ

ముద్ర అప్పగించాను. ఈ పుస్తకంలో ఇదే నా చివరి నమోదు. డ్యూటీ ఫిరోజాది. పంపులు నలభై నాలుగు.

పొద్దున నేనూ దానయ్యా ఉప్పుమడికి వెళ్ళాం. రాహేలమ్మ చెల్లెలు కరుణమ్మకి చెప్పాలని. తీర్పు కాగితం ఆ ఇంటికి ఎవరూ పంపలేదు.

వీధిలోకి అడుగు పెట్టగానే రెండు తలుపులు మూసుకున్నాయి. ఒక అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు, దానయ్యని చూసి మొహాలు తిప్పుకున్నారు. ఇరవై ఆరేళ్ళుగా పోటు వేళలు అడిగి తెలుసుకున్నవాళ్ళే. ఆయన తల దించుకుని నా వెనకే వచ్చాడు.

కరుణమ్మ గుమ్మంలో నిలబడి విన్నది. గోడ మీద నడుము ఎత్తున ఉప్పు గీత ఇంకా తెల్లగా ఉంది. నేను మొత్తం చెప్పాను, తాళం సంగతీ, మూడు సెకన్ల సంగతీ, నా సంతకాల సంగతీ. ఏడుస్తుందనుకున్నాను. నన్ను కొడుతుందేమో అని కూడా అనుకున్నాను.

"నాకొక్కదానికి చెబితే ఏం లాభం?" అంది చివరికి. "ఇతన్ని తిట్టింది నేనొక్కదాన్నేనా? వీధి వీధంతా తిట్టింది. ఇతని పెళ్ళాం కుళాయి దగ్గరికొస్తే బిందె తన్నారు. వీధికి చెప్పు."

"ఇప్పుడా?"

"మరెప్పుడు?"

నా రెక్క పట్టుకుని వీధి మధ్యకి తీసుకెళ్ళి వదిలింది. జీవితంలో నేనెప్పుడూ నలుగురి ముందు గొంతెత్తలేదు. నా పేరు చెప్పాను. ఏడో తూము దానయ్య తెరవలేదని చెప్పాను. తాళం ఎవరు వెయ్యొద్దన్నారో పేరు పెట్టి చెప్పాను. సరిగా ఉందని ఆరు సార్లు సంతకం పెట్టింది నేనేనని చెప్పాను. మూసిన తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో ఆడమనిషి నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. ఆగి, తిట్టడం అయ్యేదాకా విని, మిగతాది చెప్పాను.

అరుగు మీద నలుగురిలో పెద్దవాడు దానయ్య కట్టు వంక చాలాసేపు చూశాడు. తర్వాత పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, ఇద్దరూ కాస్త జరిగి, మధ్యలో చోటిచ్చారు.

దానయ్య వెళ్ళి కూర్చున్నాడు.